పిల్లల కీళ్లవాతం మీద ఏ పరిశోధన ముందు జరగాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లల కీళ్లవాత వ్యాధుల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం కనిపించింది: పరిశోధన దేని మీద జరగాలో ఎవరు తేలుస్తారు, అందులో మా మాటకి చోటుందా? ఆ కోవలోని ఏడు ఉత్తరాలకు పిల్లల రుమటాలజీలో (కీళ్లవాత వైద్యంలో), వైద్య పరిశోధనలో పనిచేస్తున్న మా బృందం జవాబిస్తోంది.

మా పాపకి నాలుగేళ్లు. ఎడమ మోకాలు వాస్తే జెఐఏ అని తేల్చారు. మొన్న చెకప్‌కి వెళ్తే ఒక ఫారం ఇచ్చి, ఈ జబ్బు గురించి పరిశోధకులు ఏ ప్రశ్నలకి జవాబు వెతకాలో రాయమన్నారు. నేను టెన్త్ వరకే చదివాను. నన్నడిగితే ఏం లాభం? ఏం రాయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

తప్పకుండా రాయండమ్మా. జెఐఏ, అంటే జువెనైల్ ఇడియోపాథిక్ ఆర్థరైటిస్, 16 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణమేదీ దొరకని కీళ్లవాపు. దాన్ని ఏడు రకాలుగా విభజించారు. ఏ రకం మీద ఏ మందు పరీక్షించాలన్నది చాలాకాలం పరిశోధకులు, మందుల కంపెనీలే నిర్ణయించుకున్నారు. బ్రిటన్‌లో 2004లో జేమ్స్ లిండ్ అలయన్స్ అనే సంస్థ మొదలయ్యాక రోగులు, తల్లిదండ్రులు, వైద్యులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఇంకా జవాబు దొరకని ప్రశ్నల్లో ముఖ్యమైన పదింటిని ఎంచే పద్ధతి స్థిరపడింది. నెదర్లాండ్స్‌లో జెఐఏ పిల్లలు, తల్లిదండ్రులు, వైద్యులు కలిసి ఇదే పద్ధతిలో ఒక జాబితా చేసుకున్నారు. మీకిచ్చిన ఫారం ఆ దారిలోదే.

ఏం రాయాలంటే, పాప విషయంలో మీరు డాక్టర్ని అడిగినా సరైన జవాబు రానిది రాయండి. డాక్టరు భాష అక్కర్లేదు. ఉదాహరణకి చాలామంది తల్లులు అడిగేది: "పాపకి తగ్గిపోయింది కదా, మందు ఎప్పుడు ఆపాలి?" ఫారాలు చూసేవాళ్లు ముందు దీన్ని విడగొడతారు. ఏ పిల్లలకి, ఏ మందు, ఎంతకాలానికి ఆపితే, దేనితో పోల్చి, ఏం జరిగితే మంచిదని లెక్క? తర్వాత ఇప్పటికే జవాబుందేమో వెతుకుతారు. ఇక్కడ కొంత ఉంది. జెఐఏని అదుపులో పెట్టడానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మందుతో జబ్బు పూర్తిగా సద్దుమణిగిన పిల్లల్లో కొందరికి 6 నెలలకి, కొందరికి 12 నెలలకి మందు ఆపి చూసిన అధ్యయనం 2010లో వచ్చింది. రెండేళ్లలో రెండు గుంపుల్లోనూ సగానికి పైగా, దాదాపు సమానంగా, జబ్బు తిరగబెట్టింది. అంటే ఇంకో ఆరు నెలలు వాడినంత మాత్రాన ఒరిగిందేమీ లేదు. తేలాల్సింది వేరే ఉంది: ఏ పిల్లకి ఆపితే తిరగబెట్టదో ముందే ఎలా చెప్పడం? బయాలజిక్ ఇంజెక్షన్లు (వాపుని పెంచే పదార్థాల్ని అడ్డుకునే ఖరీదైన మందులు) వాడే పిల్లల్లో ఒక్కసారిగా ఆపాలా, వ్యవధి పెంచుకుంటూ పోవాలా? మీరు రాసిన ఒక్క వాక్యం చివరికి ఇలా పరిశోధించదగ్గ ప్రశ్నగా మారుతుంది.

కొన్ని ప్రశ్నలకి జవాబు ఎప్పుడో తెలుసు, అది ఇంటిదాకా రాలేదంతే. "మెథోట్రెక్సేట్ రోజూ వేయాలా?" అనేది అలాంటిది. అది వారానికి ఒక్కసారే. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, వేసినప్పుడల్లా క్యాలెండర్ మీద టిక్కు పెట్టండి. ఇలాంటివి కూడా రాయండి. యాభై మంది తల్లులు ఇదే అడిగితే, పరిశోధన కన్నా ముందు మందు చీటీ మీద తెలుగులో రాయించాల్సిన పని ఉందని తెలుస్తుంది.

మా బాబుకి ఏడేళ్లు. రెండు మోకాళ్లు, ఒక మణికట్టు నాలుగు నెలలుగా వాచి ఉన్నాయి. ఏఎస్ఓ ఎక్కువుందని 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఇదీ మీరు చెప్పే జబ్బూ ఒకటేనా?
– కరీంనగర్ జిల్లా పాఠకుడు

రెండూ వేరు. మీ బాబుకిస్తున్న ఇంజెక్షన్ రుమాటిక్ ఫీవర్ అనుకుని ఇచ్చేది. అది గొంతులో స్ట్రెప్టోకాకస్ క్రిమి సోకాక వచ్చి, గుండెని కూడా దెబ్బతీయగల జబ్బు. రుమాటిక్ ఫీవర్‌లో నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకి మారుతుంది. ఒక్కో కీలు కొన్ని రోజులే బాధపెడుతుంది, ఆస్పిరిన్ లాంటి మందుకి రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, మొత్తం వ్యవహారం కొన్ని వారాల్లో ముగుస్తుంది. అవే కీళ్లు నాలుగు నెలలు వాచి ఉంటే జెఐఏని అనుమానించాలి. ఏఎస్ఓ అనే రక్తపరీక్ష విలువ పెరగడం ఇటీవల స్ట్రెప్టోకాకస్ క్రిమి సోకిందని చెబుతుంది, అంతే. దాని ఒక్కదాని మీద ఆధారపడి ఏ కీళ్ల జబ్బునీ తేల్చకూడదు.

అలాగని ఇంజెక్షన్ మీకు మీరే మానేయకండి. గుండె కవాటాలు దెబ్బతిని ఉంటే అది అవసరం. ముందు ఎకో (గుండె స్కానింగ్) తీయించండి. రుమాటిక్ ఫీవర్ అనుమానమున్న ప్రతి బిడ్డకీ ఎకో చేయాలని ఆ జబ్బుని తేల్చడానికి వాడే, 2015లో సవరించిన జోన్స్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ రిపోర్టుతో పిల్లల రుమటాలజిస్టుని కలవండి. కళ్లు ఎర్రబడకపోయినా, నొప్పి లేకపోయినా కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష (వెలుగు వేసి, మైక్రోస్కోపుతో కంటి లోపల చూసేది) వెంటనే చేయించండి. జెఐఏలో కంటి లోపలి వాపు చప్పుడు లేకుండా వస్తుంది.

పరిశోధన ప్రాధాన్యాల సంగతికి వస్తే, మీ బాబు కేసే ఒక ప్రశ్న. బడి పిల్లల ఆరోగ్యాన్ని చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని 30 ఆరోగ్య సమస్యల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది, జెఐఏ లేదు. మూడు ప్రశ్నలడిగి, పిల్లవాణ్ని నడిపించి, వంచి, చేతులెత్తించి చూసే పీగాల్స్ అనే తనిఖీకి రెండు నిమిషాలు పడుతుంది. దాన్ని ఆ కార్యక్రమంలో చేరిస్తే మన పిల్లలు ఎన్ని నెలల ముందు దొరుకుతారు? మా దృష్టిలో తెలుగు రాష్ట్రాల జాబితాలో ఈ ప్రశ్న పై వరుసలో ఉండాలి.

విశాఖలో పీడియాట్రిక్స్ పీజీ చేస్తున్నాను. థీసిస్ జెఐఏ మీద చేయాలనుంది. విదేశాల టాప్ 10 జాబితాల్లోంచి ఒక అంశం తీసుకోమని సీనియర్లు అంటున్నారు. సరైన పద్ధతేనా?

చదవండి, కానీ దించుకోకండి. ఆ జాబితా తయారైన చోట బిడ్డకి ఫ్యామిలీ డాక్టరున్నాడు, బయాలజిక్ మందు ఖర్చుని బీమానో ప్రభుత్వమో భరిస్తుంది, టీబీ అరుదు. ఆ మూడూ మారితే ప్రశ్నలే మారిపోతాయి. ఇక్కడ ఒక మోకాలు వాచిన బిడ్డకి ముందు వచ్చే అనుమానం టీబీ. నిర్ధారణ లేకుండానే నెలల తరబడి టీబీ మందులు వాడినవాళ్లున్నారు. అడాలిముమాబ్ లాంటి బయాలజిక్ మందు మొదలుపెట్టే ముందు దాగి ఉన్న టీబీ కోసం మాంటూ అనే చర్మపరీక్ష లేదా ఇగ్రా అనే రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయాలి. బీసీజీ టీకా వేయించుకుని, స్టెరాయిడ్ మీద ఉన్న మన పిల్లల్లో ఆ పరీక్షల్ని ఎంతవరకు నమ్మొచ్చు? టోఫాసిటినిబ్ బిళ్లలు మన దగ్గర జెనరిక్‌గా తక్కువ ధరకి దొరుకుతున్నాయి. అమెరికాలో దాన్ని ఎక్కువ కీళ్లకి సోకే జెఐఏకి 2020లో అనుమతించారు. ఇంజెక్షన్ కొనలేని ఇంట్లో ఆ బిళ్లే మొదటి మెట్టు కావచ్చా? కీలు లోపలికిచ్చే స్టెరాయిడ్‌లో ట్రయామ్సినోలోన్ హెక్సాసెటోనైడ్ అనే రకం ట్రయామ్సినోలోన్ అసెటోనైడ్ కన్నా ఎక్కువకాలం పనిచేస్తుంది. పిల్లల అత్యవసర మందుల జాబితాలో డబ్ల్యూహెచ్ఓ 2023లో హెక్సాసెటోనైడ్‌ని చేర్చింది కూడా. అది దొరకనిచోట అసెటోనైడ్‌తో సరిపెట్టుకునే పిల్లల మోకాళ్లు ఏమవుతున్నాయి? ఇవి మన ప్రశ్నలు.

అయితే వీటిలో చాలావాటికి పలు ఆసుపత్రులు కలవాలి. పీజీ థీసిస్ వ్యవధిలో, ఒక్కరే, బాగా చేయగలిగింది రోగనిర్ధారణ ఆలస్యం మీద అధ్యయనం. ఐదు తేదీలు పట్టుకోండి: మొదటి లక్షణం, మొదటి డాక్టరు, మొదటి నిపుణుడు, జెఐఏ అని తేలిన రోజు, మెథోట్రెక్సేట్ మొదలైన రోజు. వాటితోపాటు మధ్యలో చూసిన వైద్యులు, ఆర్‌ఎంపీతో సహా, ఎందరు, టీబీ మందులు వాడారా, ఎంత దూరం ప్రయాణం, చేతి నుంచి ఎంత ఖర్చు అన్నవి రాసుకోండి. దెబ్బతినేది మొదటి తేదీ దగ్గరే. "ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే "ఆర్నెల్లయింది" అంటారు. అలా కాకుండా సంక్రాంతికి నడక మామూలుగానే ఉందా, బడులు తెరిచేనాటికి కుంటుతున్నాడా, దసరా నాటికి వాపు ఉందా అని అడగండి. తేదీ ఇంకా దగ్గరగా దొరుకుతుంది. తర్వాత పాత చీటీల మీది తేదీలతో సరిచూడండి. మీ ఆసుపత్రికి చేరగలిగిన పిల్లలే మీ లెక్కలోకి వస్తారు కాబట్టి అసలు ఆలస్యం మీరు చూపేదానికన్నా ఎక్కువే. ఆ మాట థీసిస్‌లో స్పష్టంగా రాయండి.

మాది హైదరాబాద్‌లో జెఐఏ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు. అరవై కుటుంబాలున్నాం. మేమే తెలుగులో ఒక ప్రాధాన్యాల జాబితా తయారుచేయాలంటే ఎలా?

చేయొచ్చు. ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుందని ముందే అనుకోండి.

మొదట హద్దు గీసుకోండి. లూపస్, డెర్మటోమయోసైటిస్, కవాసాకి లాంటి పిల్లల ఇతర రుమాటిక్ జబ్బులన్నీ కలిపేస్తే లూపస్ బిడ్డ మూత్రపిండం ప్రశ్ననీ, జెఐఏ బిడ్డ మోకాలి ప్రశ్ననీ ఒకే తక్కెడలో తూచాల్సొస్తుంది. తక్కువమందికి వచ్చే జబ్బు ఓట్లలో ఎప్పుడూ ఓడిపోతుంది. మీరు జెఐఏకే పరిమితమవ్వండి. తర్వాత పది పన్నెండు మందితో కమిటీ వేయండి. సగం మంది జబ్బు చూసిన కుటుంబాలవాళ్లు ఉండాలి. తల్లిదండ్రులతోపాటు ఆ సగంలోనే చిన్నప్పుడు జెఐఏ వచ్చి ఇప్పుడు పద్దెనిమిది దాటినవాళ్లు ఇద్దరైనా ఉండాలి. మిగతావాళ్లు పిల్లల రుమటాలజిస్టు, కంటి డాక్టరు, ఫిజియోథెరపిస్టు, నర్సు, ఒక బడి టీచరు. సమావేశం నడిపే మనిషి ఈ రెండు వర్గాలకీ చెందనివారైతే మేలు. మందుల కంపెనీవాళ్లు వద్దు, వాళ్ల డబ్బూ వద్దు.

ఫారం ఒక్క పేజీ దాటకూడదు. ప్రశ్నలు రాయడానికి మూడు ఖాళీలు చాలు. కింద రాసేది బిడ్డా, తల్లిదండ్రులా, వైద్యసిబ్బందా, బిడ్డ వయసెంత, ఏ జిల్లా అన్నవి అడగండి. పేరు అడగకండి. రాయలేనివాళ్లు నిమిషం వాయిస్ మెసేజ్ పంపితే ఎవరైనా అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టాలి. ఉర్దూలో, హిందీలో వచ్చినా తీసుకోండి. ఎనిమిది పది వారాలు తెరిచి ఉంచండి. ఇక్కడే చాలా జాబితాలు పాడవుతాయి. వాట్సాప్‌లో లింకు పెట్టి ఊరుకుంటే నగరంలో, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లగలిగే ఇళ్ల ప్రశ్నలే వస్తాయి. కమిటీలో ఒకరు కాగితాలు పట్టుకుని ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చోవాలి. వారంవారం జిల్లాలవారీగా ఎన్ని వచ్చాయో చూసి, రాని జిల్లాకి మనిషిని పంపాలి.

వచ్చినవాటిని ఇద్దరు విడివిడిగా చదివి, ఒకే అర్థమున్నవాటిని కలపాలి. పట్టికలో ఒక గడిలో కలిపి రాసిన ప్రశ్న, పక్క గడిలో తల్లి రాసిన అసలు మాటలు ఉండాలి. ఆ రెండో గడి లేకపోతే "పొద్దున్నే బిగుసుకుపోయి బడికి గంట ఆలస్యమవుతోంది, టీచరు నిలబెడుతోంది" అన్నది కాస్తా "ఉదయపు బిగుతు నిర్వహణ" అయిపోతుంది, బడి మాయమవుతుంది. తర్వాత జవాబున్నవాటిని తీసేయాలి. ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే ఇటీవలి సమగ్ర సమీక్షల్లో నమ్మదగ్గ జవాబుందా లేదా చూడటం పీజీ విద్యార్థులో, వైద్య గ్రంథాలయం వాళ్లో చేయగల పని.

మిగిలిన నలభై యాభై ప్రశ్నలు మళ్లీ అందరికీ పంపి ఒక్కొక్కరిని పది ఎంచమనండి. ఓట్లన్నీ ఒకే కుప్పగా లెక్కపెట్టొద్దు. 200 మంది తల్లిదండ్రులు, 25 మంది యువతీయువకులు, 25 మంది వైద్యసిబ్బంది ఓటేశారనుకోండి. మొత్తం కలిపితే తల్లిదండ్రుల మాటే తేలుతుంది, పిల్లలు మునిగిపోతారు. మూడు వర్గాలకీ విడివిడిగా ర్యాంకులు కట్టి, ఆ ర్యాంకుల్ని కలపండి. పై పదిహేను ఇరవై ప్రశ్నల్ని చివరి సమావేశానికి తీసుకెళ్లండి.

చివరి సమావేశం ఒక రోజు, ఇరవై, ఇరవైఐదు మంది. ఒక్కో ప్రశ్న ఒక్కో కార్డు మీద పెద్ద అక్షరాల్లో. మూడు చిన్న గుంపులుగా కూర్చుని కార్డుల్ని వరుస పేర్చాలి. మధ్యాహ్నం గుంపుల్ని కలగలిపి మళ్లీ పేర్పించాలి, ఆపైన అందరూ కలిసి తుది వరుస తేల్చాలి. ప్రతి గుంపులోనూ ముందు తల్లో, యువకుడో మాట్లాడాలి, డాక్టరు చివర. డాక్టరు ముందు నోరు తెరిస్తే మన దగ్గర మిగతావాళ్లు "సార్ చెప్పిందే" అంటారు. పదితోపాటు పది దాటిన ప్రశ్నల జాబితా కూడా అచ్చువేయండి. పదకొండోది ఎవరికో థీసిస్ అవుతుంది.

నాకు పదమూడేళ్లు. మడమలు, నడుము నొప్పి. రిపోర్టులు నార్మల్ అని డాక్టర్ గారు, నటిస్తున్నానని మా పీఈటీ సార్ అంటారు. నన్నెవరూ ఏమీ అడగరు. అమ్మనే అడుగుతారు.
– నెల్లూరు

బాబూ, నీ నొప్పి నిజం. నీ వయసు మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎంథసైటిస్ రకం జెఐఏలో కండరాన్ని పట్టి ఉంచే తాడులాంటి స్నాయువు ఎముకకి అతుక్కునేచోట వాపు వస్తుంది. వాపుని చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు మామూలుగా ఉండగానే అది ఉండొచ్చు. నడుము కింది కీళ్లకి ఎంఆర్ఐ అవసరమా అని డాక్టర్ గారిని అడుగు. రెండు వారాలపాటు రోజూ మూడు సంగతులు నోట్‌బుక్‌లో రాయి: లేచాక ఎన్ని నిమిషాలు బిగుతుగా ఉంది, నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, రాత్రి నిద్ర చెడిందా. విశ్రాంతి తీసుకుంటే పెరిగి, కదిలితే తగ్గే నొప్పి అయితే అది ప్రత్యేకంగా చెప్పు. ఆ నోట్‌బుక్ పీఈటీ సార్‌కి కూడా చూపించు.

నిన్నడగకపోవడం వైద్య పరిశోధనలోనూ ఉన్న లోపమే. జెఐఏ మందు పనిచేసిందో లేదో కొలవడానికి 1997లో ఆరు కొలతలు పెట్టారు: డాక్టరు అంచనా, తల్లిదండ్రుల లేక బిడ్డ అంచనా, పనులు చేసుకునే శక్తి, వాపున్న కీళ్లెన్ని, సరిగ్గా కదలని కీళ్లెన్ని, ఈఎస్ఆర్. నొప్పికి విడిగా చోటు లేదు. రోగుల్నీ, తల్లిదండ్రుల్నీ అడిగి 2019లో కొత్త జాబితా ప్రచురించినప్పుడు నొప్పి తప్పనిసరి కొలతల్లోకి వచ్చింది. ఇక మన దేశంలో పరిశోధనలో చేర్చుకునేటప్పుడు అమ్మానాన్నల సంతకంతోపాటు నీ ఒప్పుదల కూడా కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల వారికి నోటిమాటగా, ఆపైన పద్దెనిమిది వరకు రాతపూర్వకంగా. నువ్వు వద్దంటే వద్దనే.

బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. జెఐఏ పాప తండ్రిగా నన్నొక ప్రాధాన్యాల వర్క్‌షాప్‌కి పిలిచారు. నేనేం తయారై వెళ్లాలి? ఇండియా సంగతులు చెప్పొచ్చా?

ప్రశ్నల జాబితా ముందే పంపుతారు. ఇంట్లో పాపతో కూర్చుని మీ వరుస మీరు రాసుకోండి. ఆమె వరుస వేరుగా ఉంటే రెండూ తీసుకెళ్లండి. అక్కడ నడిపించే వ్యక్తి తటస్థంగా ఉంటారు, మీ మాటకీ ప్రొఫెసర్ మాటకీ ఒకే విలువ. ఏ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఒక్కో వాక్యంలో చెప్పగలిగితే చాలు. సెలవులకి ఇండియా వచ్చి వెళ్లే కుటుంబాలకి టీబీ భయం, విమానంలో ఇంజెక్షన్ చల్లగా ఉంచుకోవడం లాంటి సమస్యలుంటాయి. అవి బ్రిటన్‌లోని పిల్లల సమస్యలే కాబట్టి మొహమాటపడకుండా చెప్పండి.

మనవరాలికి కంటి వాపుతో కూడిన జెఐఏ. ఈ జాబితాలు, సమావేశాలు కాగితం దాటి ఎప్పుడైనా బిడ్డ కంటిదాకా వచ్చాయా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి

మాస్టారూ, సరైన ప్రశ్నకి నిధి దొరికితే ఏం జరుగుతుందో సరిగ్గా మీ మనవరాలి జబ్బులోనే చూడొచ్చు. మెథోట్రెక్సేట్ వాడుతున్నా కంటి వాపు తగ్గని పిల్లలకి అడాలిముమాబ్ కలిపితే లాభమా అన్న ఒకే ఒక్క ప్రశ్నతో బ్రిటన్‌లో సికమోర్ అనే ట్రయల్ ప్రభుత్వ పరిశోధన నిధులతో, ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో జరిగింది. 114 మందిని చేర్చాలనుకున్నారు. 90 మంది చేరేసరికే తేడా అంత స్పష్టంగా కనిపించి ఆపేశారు. అడాలిముమాబ్ గుంపులో చికిత్స విఫలమైంది 27 శాతం మందిలో, ఉత్తుత్తి ఇంజెక్షన్ గుంపులో 60 శాతం మందిలో. 2017లో ఫలితం అచ్చయింది. మన దగ్గర అడాలిముమాబ్ బయోసిమిలర్ (అసలు మందుకి దగ్గరి పోలికతో వేరే కంపెనీ చేసేది) 2014 చివరి నుంచే ఉంది కాబట్టి ఇక్కడి వైద్యులకీ ఆ జవాబు పనికొచ్చింది.

జవాబు లేనిది ఇంకోటుంది. ఏఎన్ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్‌గా ఉండి, చిన్న వయసులో జబ్బు మొదలైన పిల్లలకి మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ చేయాలి. ఊళ్లలో ఉన్నవాళ్లకి అది రోజు కూలీ, బస్సు చార్జీ. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటివి పల్లెల్లో విజన్ సెంటర్లు నడుపుతున్నాయి. అక్కడి విజన్ టెక్నీషియన్ కంటి లోపలి వాపు కణాల్ని నమ్మకంగా గుర్తించగలరా? ఈ ప్రశ్నని ఎవరైనా ప్రయోగానికి పెడితే బాగుండునని మా కోరిక.

మీ మనవరాల్ని ఏదైనా ట్రయల్‌లో చేర్చమని అడిగితే నాలుగు సంగతులు కాగితం మీద అడగండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య; ఆ రిజిస్ట్రీని సీటీఆర్ఐ అంటారు, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం. హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు. చివరిది చాలామంది అడగడం మర్చిపోతారు: ట్రయల్ ముగిశాక, మందు పనిచేస్తుంటే, దాన్ని ఎంతకాలం ఎవరి ఖర్చుతో ఇస్తారు. ఆ నాలుగో దానికి జవాబు రాతలో వచ్చేదాకా సంతకం పెట్టకండి.